ఫోన్ పాతబడుతుంది, వ్యాపారం పెరుగుతుంది

సిబ్బంది చేతికి మొబైల్ ఇచ్చి పని నడిపించే సంస్థ పది రెట్లు పెరిగితే ఏమవుతుంది? ఇరవయ్యేళ్ల భారతీయ అనుభవంలో ఆ ప్రశ్నకు జవాబులున్నాయి. కొన్ని ఖరీదైనవి కూడా.

2007లో వరంగల్ జిల్లాలోని కొన్ని పల్లెల్లో బ్యాంకు మొత్తం ఒక సంచీలో పట్టేసింది. అందులో ఉన్నవి ఒక మొబైల్ ఫోన్, వేలిముద్ర తీసుకునే చిన్న పరికరం, రసీదు కొట్టే బుల్లి ప్రింటరు. దాన్ని భుజానికి తగిలించుకుని వచ్చేది బ్యాంకు ఉద్యోగి కాదు, ఆ ఊరి స్వయం సహాయక బృందంలోని మహిళే. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ కార్డు ఇచ్చి వేలు పెడితే, వచ్చింది ఆమేనని పరికరం నిర్ధారించుకునేది. రసీదు వచ్చేది, డబ్బు చేతిలో పడేది. ఆ క్షణంలో సిగ్నల్ లేకపోయినా పని ఆగేది కాదు. లెక్కంతా ఆ తర్వాత బ్యాంకుకు చేరేది.

అప్పటికి ఐఫోన్ మన దేశంలోకి రాలేదు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్ మార్కెట్లోకి రావడానికి ఇంకా ఏడాది పడుతుంది. బ్యాంకులు తమ తరఫున పనిచేయడానికి బయటివారిని నియమించుకోవచ్చంటూ రిజర్వు బ్యాంకు 2006 జనవరిలో ఇచ్చిన అనుమతే ఈ ప్రయోగానికి దారి తెరిచింది. ఉపాధి హామీ కూలీ, సామాజిక పింఛన్లు పోస్టాఫీసు చుట్టూ తిరగకుండా ఊళ్లోనే అందాలన్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్దేశం.

నాలుగు ఊళ్లలో చేసి చూపడం వేరు, జిల్లాల కొద్దీ నడపడం వేరు. కొన్ని జిల్లాల్లో మొదట బాధ్యత తీసుకున్న బ్యాంకులు కదలకపోవడంతో ఎనిమిది జిల్లాలను 2010లో వేరే బ్యాంకులకు అప్పగించి పని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడే, దాదాపు 160 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా మధ్య ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ ఈ పథకం ఫలితాలను కొలిచారు. ఉపాధి హామీ డబ్బులో దారిమళ్లేది 41 శాతం తగ్గిందని, కూలీ త్వరగా అందుతోందని వారి అధ్యయనం తేల్చింది. ఇంత స్పష్టంగా గెలిచిన సాంకేతిక పథకాలు దేశంలో అరుదు. అయితే అదే అధ్యయనంలో మరో సంగతి ఉంది. అమలు మొదలై రెండేళ్లు గడిచాక కూడా ఆ మండలాల్లో కార్డు ద్వారా జరిగిన చెల్లింపులు సుమారు సగమే. మిగిలిన సగం పాత పద్ధతిలోనే సాగాయి.

ఆ సగాన్ని ఆపింది ఫోన్ కాదు. ప్రభుత్వం బ్యాంకుతో, బ్యాంకు సాంకేతిక సంస్థతో, ఆ సంస్థ ఊళ్లోని మహిళతో కుదుర్చుకోవాల్సిన ఏర్పాట్లు, కార్డుల నమోదు, ఊరూరికీ నగదు చేరవేయడం, పాత పద్ధతిలో చేతివాటం చూపినవారి అయిష్టత, ఇవీ అడ్డంకులు. ఇంతలో ఆధార్ వచ్చింది. తొలి నంబరు 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో ఇచ్చారు. కొన్నేళ్లకే ప్రత్యేక స్మార్ట్ కార్డు, దానికోసం విడిగా తీసుకున్న వేలిముద్రలు అవసరం లేకుండా పోయాయి. పరికరం మారింది, కార్డు మారింది. ఊళ్లో కూర్చుని బ్యాంకు తరఫున డబ్బిచ్చే మనిషి అన్న ఏర్పాటు మాత్రం నిలిచింది.

సిబ్బంది చేతికి ఫోన్లు ఇవ్వాలనుకునే ప్రతి వ్యాపారీ మొదట అడిగే ప్రశ్న ‘ఏ ఫోన్ కొనాలి?’ అని. వరంగల్ సంచీ చెప్పేదాన్ని బట్టి చూస్తే అది చివర అడగాల్సిన ప్రశ్న.

మూతపడ్డ దారులు

సబ్బులు, బిస్కెట్లు, మందుల కంపెనీలు 2000 దశకంలో సేల్స్‌మన్ చేతిలోని ఆర్డరు పుస్తకం తీసేసి పామ్‌టాప్ పెట్టడం మొదలుపెట్టాయి. కొరియర్ సంస్థలు, గోదాములు కూడా అదే దారి పట్టాయి. ఈ పరికరాల్లో చాలావరకు మైక్రోసాఫ్ట్ విండోస్ మొబైల్‌పై నడిచేవి. ప్రపంచంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ తయారుచేసిన వ్యవస్థ కదా, అంతకంటే భద్రమైన పెట్టుబడి ఏముంటుందని అప్పట్లో ఎవరైనా అనుకుంటారు. 2010లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 7 తెచ్చింది. పాత విండోస్ మొబైల్ కోసం రాసిన ఒక్క ప్రోగ్రామూ దానిపై నడవలేదు. పరిశ్రమల చేతి పరికరాల కోసం అట్టిపెట్టిన పాత రూపానికి కూడా 2020 జనవరితో మద్దతు ఆగిపోయింది. కొత్తదని చెప్పిన విండోస్ ఫోన్ వారసత్వం కూడా సరిగ్గా ఆ నెలలోనే ముగిసింది.

మిగతావారి చరిత్ర కూడా ఇలాంటిదే. నోకియా 2011 ఫిబ్రవరిలో సింబియన్‌ను వదిలేస్తున్నట్టు ప్రకటించింది. కార్పొరేట్ హోదాకు గుర్తుగా నిలిచిన బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు సేవలు 2022 జనవరి 4న నిలిచిపోయాయి. నెట్‌వర్కుల సంగతి మరీ విచిత్రం. 2002 చివర్లో అట్టహాసంగా మొదలైన రిలయన్స్ సీడీఎంఏ ఒకటిన్నర దశాబ్దంలో కనుమరుగైంది. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని మూసేసింది, 2జీని మాత్రం అట్టేపెట్టుకుంది. ‘కొత్తది కాబట్టి ఎక్కువ కాలం ఉంటుంది’ అన్న లెక్కతో 3జీ పరికరాలు కొన్నవారికంటే పాత 2జీనే నమ్ముకున్నవారు ఎక్కువ రోజులు పని నడుపుకున్నారు.

కాబట్టి ఫోన్‌కు మూడు నాలుగేళ్లు, దానిలోని వ్యవస్థకు ఏడెనిమిదేళ్లు ఆయుష్షు అని మొదటే అనుకోవడం మంచిది. ఖాతాదారుల జాబితా, బాకీల చిట్టా, ధరల పట్టిక, ఏ దుకాణం ఏ నెలలో ఎంత కొన్నదన్న చరిత్ర పాతికేళ్లు ఉండాలి. పాతికేళ్లు ఉండాల్సిన సరుకును నాలుగేళ్ల పెట్టెలో పెట్టి తాళం చెవి అమ్మినవాడికి ఇవ్వడమే ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

సోయా పొలాల పాఠం

ఈ పొరపాటు చేయనివారిలో ఐటీసీ ఒకటి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న ఆ సంస్థ వ్యవసాయ విభాగం 2000 జూన్‌లో మధ్యప్రదేశ్ సోయాబీన్ రైతుల కోసం ఈ-చౌపాల్ మొదలుపెట్టింది. ఊళ్లో ఒక రైతు ఇంట్లో కంప్యూటర్ పెడతారు, ఆ రైతును సంచాలక్ అంటారు. మండీకి బండి కట్టకముందే కంపెనీ ఏ ధరకు కొంటుందో ఊళ్లోనే తెలుస్తుంది. మండీకి వెళ్లాక తెలిసే ధరకు, ఇంటి దగ్గరే తెలిసే ధరకు ఎంత తేడా ఉందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సరుకు దింపాక ధర నచ్చలేదని వెనక్కి తీసుకెళ్లడానికి మళ్లీ బండి కిరాయి కావాలి.

మొదట టెలిఫోన్ లైన్లు వాడారు. పల్లెటూరి ఎక్స్‌ఛేంజీల దయతో నడిచే ఆ లైన్లు పనికిరావని త్వరలోనే తేలిపోయింది. అప్పుడు వీశాట్ డిష్‌లు పెట్టారు. కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు కాబట్టి బ్యాటరీలు, సౌర పలకలు తోడయ్యాయి. అన్నీ కలిపి ఒక్కో కేంద్రానికి అయ్యే ఖర్చు లక్ష రూపాయలు దాటేది. ఇది ఒక్క కంప్యూటర్ ధర కాదని, ఊరి పరిస్థితుల ధర అని గమనించాలి. ప్రణాళిక కాగితంపై సాధారణంగా మొదటిదే కనిపిస్తుంది.

కేంద్రాలు 6 వేలు దాటాయి. 35 వేల గ్రామాల్లోని 40 లక్షల మంది రైతులకు ఈ సేవ చేరిందని కంపెనీ లెక్క. ఇంతలో స్మార్ట్‌ఫోన్లు వచ్చి ధర రైతు జేబులోకే చేరడంతో సంచాలక్ ఇంట్లోని కంప్యూటర్ పాతబడిపోయింది. 2021లో ఐటీసీ రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా నడిచే మార్స్ అనే యాప్ ఆధారిత వేదికను ప్రకటించింది. టెలిఫోన్ తీగ నుంచి డిష్‌కు, డిష్ నుంచి యాప్‌కు రెండుసార్లు దారి మార్చుకున్నా వ్యాపారం ఆగలేదంటే, పెట్టుబడిలో ముఖ్యమైన భాగం తీగలోనో డిష్‌లోనో లేకపోవడమే కారణం. కొనుగోలు కేంద్రాలు, తూకం మీద నమ్మకం, ఊళ్లో తెలిసిన మనిషి, సేకరించిన సమాచారం, ఇవి ఏ పరికరం వచ్చినా పనికొచ్చేవే.

అన్ని సంస్థలకూ ఐటీసీ అంత లోతైన జేబులు ఉండవన్నది నిజమే. కానీ చిన్న సంస్థకు ఉన్న వెసులుబాటు దానికి లేదు. 20 ఫోన్లు మార్చడం 6 వేల కేంద్రాలు మార్చడమంత కష్టం కాదు.

సాయంత్రం ఆరు గంటలకు

పెరుగుదల అనగానే అమ్మకాలు పెరగడమనే అందరూ అనుకుంటారు. యంత్రానికి మాత్రం పెరిగేది వేరు. యూపీఐ అందుకు తిరుగులేని ఉదాహరణ. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ చెల్లింపుల వ్యవస్థలో నెలవారీ లావాదేవీలు 2019 అక్టోబరులో 100 కోట్లు దాటాయి. 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు, 2025 ఆగస్టులో 2 వేల కోట్లు దాటాయి. ఇంత ఎదగడానికి కారణం దాని అమరికలోనే ఉంది. డబ్బు ఉండే బ్యాంకు వేరు, వాడే యాప్ వేరు, మధ్యలో కలిపే మీట వేరు. ఫోన్ మార్చినా, యాప్ మార్చినా, బ్యాంకు మార్చినా మిగతా రెండూ కదలనక్కర్లేదు.

అంతటి వ్యవస్థ కూడా 2025 ఏప్రిల్ 12న కొన్ని గంటలపాటు చతికిలపడింది. దేశమంతా ఒక్కసారిగా చెల్లింపులు చేసినందుకు కాదు. ‘ఆ లావాదేవీ ఏమైంది?’ అని కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు ఆగకుండా అడుగుతూ పోవడంతో. జవాబు ఆలస్యమైతే మళ్లీ అడగడం, మళ్లీ అడగడంతో జవాబు ఇంకా ఆలస్యం కావడం. ఆ దెబ్బతో 2025 ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో ఖాతా నిల్వ చూసుకోవడానికి రోజుకు 50 సార్లు అని హద్దు పెట్టారు. రైల్వే టికెట్లదీ ఇదే బాధ. ఐఆర్‌సీటీసీ 2014లో నిమిషానికి 2 వేల టికెట్ల సామర్థ్యాన్ని 7,200కు పెంచుకుంది. ఉదయం పది గంటలకు తత్కాల్ తెరిచే ఆ రెండు నిమిషాల కోసమే అంత సామర్థ్యం కావాలి. మధ్యాహ్నం మూడింటికి అందులో చాలావరకు ఖాళీగా ఉంటుంది.

ఇదే చిత్రాన్ని ఒక జిల్లా స్థాయి స్టాకిస్టుకు కుదించి చూడవచ్చు. 20 మంది సేల్స్‌మన్లు పగలంతా బీట్లు తిరిగి సాయంత్రం ఆరింటికి, కాస్త అటూ ఇటూగా ఒకేసారి, ఆర్డర్లు పంపుతారు. 20 మందికి ఏ సర్వరైనా తట్టుకుంటుంది. వ్యాపారం ఐదు జిల్లాలకు పాకి మనుషులు 400 అయితే, వారు కూడా అదే ఆరింటికి పంపుతారు. పంపిన ఆర్డరు చేరిందో లేదో తెలియక రెండోసారి నొక్కుతారు. మర్నాడు ఒకే దుకాణానికి రెండు వ్యాన్లు ఒకే సరుకు తెస్తాయి. దుకాణదారు ఒకటి వెనక్కి పంపుతాడు, వ్యాను ఖర్చు మీద పడుతుంది, మాట సేల్స్‌మన్ పడతాడు.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. ఆర్డరు నంబరు సర్వరు వేసేదాకా ఆగకుండా, ఫోనే అక్కడికక్కడ ఎవరికీ రాని నంబరు వేయాలి. అదే నంబరుతో పదిసార్లు వచ్చినా సర్వరు ఒక్కసారే రాసుకోవాలి. జవాబు రాకపోతే వెంటనే కాక, ప్రతిసారీ కాస్త ఎక్కువ వ్యవధి ఇచ్చి మళ్లీ ప్రయత్నించాలి. యాప్ రాసే రోజున ఇది ఒకటి రెండు రోజుల పని. 400 మంది చేతుల్లోకి వెళ్లాక సరిదిద్దడం నెలల పని.

ఇక్కడో పీటముడి ఉంది. డజనుకు ఒకటి ఉచితం, ఫలానా తేదీ దాకా మూడు శాతం తగ్గింపు వంటి స్కీముల లెక్క ఫోన్‌లోనే కట్టేస్తే, స్కీము మారిన ప్రతిసారీ ప్రతి ఫోన్‌కూ కొత్త యాప్ ఎక్కించాలి. లెక్కంతా సర్వరులోనే పెడితే సిగ్నల్ లేని ఊళ్లో బిల్లు ఆగిపోతుంది. పాడేరు కొండల్లోనో, ఉట్నూరు అడవుల్లోనో తిరిగే మనిషికి రెండోది కుదరదు. అనుభవజ్ఞులు పట్టే మధ్యేమార్గం, నియమాలను పట్టికలుగా మార్చి ఉదయం బయల్దేరే ముందు ఫోన్‌లోకి దించుకోవడం. సాయంత్రం సర్వరు అదే పట్టికతో మరోసారి సరిచూస్తుంది. చివరి పది పెట్టెలను ఇద్దరు సేల్స్‌మన్లు అమ్మేసి వస్తే ఎవరి మాట నెగ్గాలన్నది మాత్రం ఏ ఇంజనీరూ తేల్చలేడు. అది యజమాని ముందే చెప్పాల్సిన వ్యాపార నిర్ణయం.

చేతిలో ఫోన్ ఉన్నవారి గోడు

లెక్క తప్పితే నష్టపోయేది ఎవరన్నది మహారాష్ట్ర అంగన్‌వాడీల్లో కనిపించింది. పోషకాహార కార్యక్రమం కోసం ప్రభుత్వం అక్కడి కార్యకర్తలకు ఫోన్లు ఇచ్చింది. వాటి జ్ఞాపకశక్తి అప్పటి యాప్‌కు సరిపోయేంతే. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ అనే కొత్త యాప్ వచ్చింది. అది ఆ పాత ఫోన్లకు బరువైపోయింది. వేడెక్కేవి, ఆగిపోయేవి, మరమ్మతు ఖర్చు చేతినుంచి పెట్టుకోవాల్సి వచ్చేది. ఇంగ్లిష్ అంతగా రాని మహిళలకు ఇంగ్లిష్ తెరలు మరో తలనొప్పి. 2021 ఆగస్టులో వేల మంది కార్యకర్తలు ఊరేగింపుగా వెళ్లి ఫోన్లు వెనక్కి ఇచ్చేశారు.

ఇది ప్రభుత్వ కార్యక్రమమే అయినా ప్రైవేటు సంస్థల్లో జరిగేది ఇంతకంటే భిన్నంగా ఉండదు. తేడా ఒక్కటే. సేల్స్‌మన్‌కు, డెలివరీ కుర్రాడికి సంఘం ఉండదు. ఫోన్ వెనక్కి ఇస్తే ఉద్యోగం కూడా వెనక్కి ఇచ్చినట్టే. అందుకే అతను నోరు మెదపకుండా జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, పగలు అందులో రాసుకుని, రాత్రి ఇంటికెళ్లి యాప్‌లో ఎక్కిస్తాడు. ఆఫీసులో తెర మీద అంతా పచ్చగా కనిపిస్తుంది. సిబ్బంది జేబులో నోటుబుక్కు ఉందా లేదా అన్నదే ఆ యాప్ పనిచేస్తోందో లేదో చెప్పే నికరమైన కొలమానం. దానికోసం ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు.

సొంత ఫోన్లే వాడమని సిబ్బందికి చెప్పడం ఇప్పుడు చాలా సంస్థలకు అలవాటైంది. మొదట్లో చవకే. అయితే మనిషి ఉద్యోగం మానితే ఖాతాదారుల జాబితా అతని జేబులోనే వెళ్లిపోతుంది. పైగా అతను ఎక్కడున్నాడో యాప్ రాత్రింబవళ్లు చూస్తుంటే అది వేరే పంచాయితీ. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. పని వేళలు ముగియగానే ఆచూకీ సేకరణ దానంతటదే ఆగిపోయేలా పెట్టుకోవడం, ఉద్యోగం మానినవారి ఫోన్ నుంచి సంస్థ సమాచారాన్ని మాత్రమే తుడిచే ఏర్పాటు చేసుకోవడం 20 మంది ఉన్నప్పుడే తేలిక.

తలసరి చందా

అమ్మేవారు చూపించే ధర ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. తలకు నెలకు 300 రూపాయలనుకుందాం. 20 మందికి 6 వేలు, ఏ యజమానీ రెండోసారి ఆలోచించడు. 2 వేల మందికైతే నెలకు 6 లక్షలు, ఏడాదికి 72 లక్షలు. సంఖ్య పెరిగేకొద్దీ తలసరి ధర ఎంత తగ్గుతుందో మొదటి ఒప్పందంలోనే రాయించుకున్నవారికి, పెరిగాక బేరమాడేవారికి మధ్య తేడా చాలా ఉంటుంది. పెరిగాక వదిలేసి వెళ్లడం కష్టమని అమ్మేవారికీ తెలుసు. ఖాతాలన్నీ ఎప్పుడు అడిగినా మామూలు పట్టికల రూపంలో, అదనపు రుసుము లేకుండా ఇవ్వాలన్న నిబంధనను చాలామంది రాయించుకోరు. ‘మీ డేటా మీదే’ అన్న ప్రకటన వాక్యం వేరు, దాన్ని ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో ఇస్తారన్న ఒప్పంద వాక్యం వేరు.

అలాగని రేపటి 2 వేల మంది కోసం ఇవాళే సర్వర్లు కొనడం తెలివైన పని కాదు. అతిగా ముందుచూపు కూడా దెబ్బతీస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి రూపొందించిన సింప్యూటర్ 2001లో ప్రపంచ పత్రికలన్నిటికీ ఎక్కింది. పేదవాడి చేతి కంప్యూటర్ అన్నారు. స్మార్ట్ కార్డు మార్చి ఊరంతా ఒకే పరికరం వాడుకోవచ్చన్నది గొప్ప ఆలోచన. 2004లో మార్కెట్లోకి వచ్చినప్పుడు అమ్ముడైనవి కొన్ని వేలే. అప్పటికే రిలయన్స్ 501 రూపాయలకు ఫోన్ చేతిలో పెడుతోంది. కొత్త పరికరం సృష్టించినవారికంటే, జనం చేతిలో ఉన్న పరికరంతోనే పని జరిపించినవారికే మార్కెట్ దక్కింది.

ఇప్పుడు అద్దె సర్వర్లు గంటల లెక్కన దొరుకుతున్నాయి కాబట్టి సామర్థ్యం కొనడం సమస్య కాదు. కొనాల్సింది ఒక రోజు సమయం. యాప్ అమ్మేవారి ప్రదర్శన ఏసీ గదిలో, వైఫై కింద, కొత్త ఫోన్‌లో జరుగుతుంది. దానికి బదులు సంస్థలోని అతి పాత ఫోన్ తీసుకుని, సిమ్ తీసేసి, చదువు తక్కువున్న సేల్స్‌మన్ చేతికిచ్చి, సంత రోజున ఒక బీటుకు పంపాలి. 50 ఆర్డర్లు, నాలుగు వాపసులు, రెండు బాకీ వసూళ్లు, మధ్యలో ఒక స్కీము మార్పు. సాయంత్రం సిమ్ పెట్టి, అదే నిమిషంలో మిగతా అన్ని ఫోన్ల నుంచి కూడా లెక్కలు పంపించాలి. రాత్రికి గోదాములోని సరుకు, సర్వరులోని అంకెలు, అతని జేబులోని నోటుబుక్కు పక్కపక్కన పెట్టి చూడాలి.